తీతువు గూటి చుట్టూ సున్నపు రాళ్ళు

ఓబులప్ప సారును ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. తువ్వాలు భుజాన వేసుకుని నడవడం మొదలుపెడతాడు, అడిగినవాళ్ళు వెనకాల నడవాలి. ఆయన దగ్గర జంతువుల జాడలు చదవడం నేర్చుకుంటున్న నీలవేణికి ఈ అలవాటంటే లోలోపల చిరాకే. ఆ ఆదివారం తెలతెలవారుతుండగా ఆమె దారికి అడ్డం నిలబడి మరీ అడిగింది.

"సార్, నేలను దున్నేసే జీపులవాళ్ళతో మనకు పొత్తేమిటి?"

ఊరికే అడగలేదు. ఆదివారం వస్తే చాలు, పట్నం జనం ఆ ఎర్రమిట్టల బీడు మీద జీపుల్లో గుట్టలెక్కి దిగి కేరింతలు కొడతారు. ఆ జీపులవాళ్ళకు పెద్ద దస్తగిరి. అతనికీ సారుకూ ఒక ఒప్పందం ఉంది. రోజూ పొద్దుగూకే వేళ దస్తగిరి తన జీపు వెనక తుమ్మకంప కట్టి బాటంతా ఈడుస్తాడు, దుమ్ము పలకలా నున్నబడుతుంది. తెల్లారేసరికి ఆ పలక మీద రాత్రి తిరిగిన జీవాలన్నీ అడుగులు వేసి ఉంటాయి. సారు చదువుతాడు, నీలవేణి పుస్తకంలోకి ఎక్కిస్తుంది. కుందేలు, ముంగిస, ఉడుము, ఏది కనబడితే అది.

ఆ వారం బాట పక్కన రెండు తీతువు గూళ్ళు ఖాళీ అయ్యాయి. గూడంటే ఏముంది, నేలమీద చిన్న గుంట, గులకరాళ్ళ రంగులో నాలుగు గుడ్లు. జీపులవాళ్ళ కంట పడాలని నీలవేణి ఒక్కో గూటి చుట్టూ సున్నం పూసిన రాళ్ళు పేర్చింది. అయినా గుడ్లు పోయాయి. దాపున టైరు జాడ కనబడేసరికి ఇది జీపుల పనేనని తేల్చేసుకుంది, ఇంకేమీ వెతకలేదు. జీపులను బీడులోకి రానివ్వొద్దని అటవీశాఖకు అర్జీ రాసి సంచిలో పెట్టుకుంది. అది చేరిందంటే దస్తగిరి బతుకుతెరువు అంతటితో సరి. నిన్న సాయంత్రం, కంప ఈడ్చడం అయ్యాక, మిగిలిన రెండు గూళ్ళకూ రాళ్ళు పేర్చి వచ్చింది.

సారు నడిచాడు. బీడంతా ఇంకా నిద్రలోనే ఉంది. ఎక్కడో పిట్ట ఒకటి కూసి ఊరుకుంది. లేత ఎర్రటి వెలుగులో తాను నడుస్తున్నదో, నేలే కాళ్ళ కింద మెల్లగా జరుగుతున్నదో నీలవేణికి తెలియలేదు.

మిగిలిన రెంటిలో మొదటి గూడూ ఖాళీ. కంప ఈడ్చిన చార మాత్రం గూటికి రెండు బారల ముందే వంగి, దూరంగా చుట్టి పోయింది. ఆ చారకు అడ్డంగా చెప్పుల జాడ ఒకటి గూటివైపు వెళ్ళింది. దాని మీదుగా, వాసన పట్టి అడుగులో అడుగు వేసినట్టు, గుంటనక్క పాదాలు. రాళ్ళదాకా వచ్చి, అక్కణ్ణుంచి రెండో గూటివైపు చెప్పుల వెంబడే సాగి, తెల్లారిపోయిందేమో, సగంలో వెనక్కి తిరిగాయి.

నీలవేణి పరుగెత్తింది. రెండో గూటిలో నాలుగు గుడ్లూ ఉన్నాయి. రాళ్ళన్నీ చున్నీలోకి ఎత్తుతుంటే జీపుల చప్పుడు వినబడింది. రాళ్ళు ఉంచితే నక్క, తీస్తే చక్రాలు. ఆమెకు ఏడుపొచ్చింది.

ముందు జీపు ఆగింది. దస్తగిరి తల బయటపెట్టాడు.

"తీసేస్తుండావా అమ్మా, మంచి పని. గూటి మీంచి పిట్ట యాడ లేస్తాదో మాకు ఎరుకే. నువ్వు రాళ్ళు పెట్టకముందు నుంచే పక్కకు తిప్పుకొని పోతుండాం."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు మాతో మాట్లాడితే గదమ్మా."

నీలవేణి తలొంచుకుని మిగిలిన రాళ్ళు ఏరింది. దస్తగిరి కంప కట్టి, నక్కకు వాసన దొరకకుండా, గూటి దాపున చెప్పుల జాడంతా తుడిచేశాడు. తొమ్మిది జీపులూ వరసగా దూరంనుంచి చుట్టి వెళ్ళాయి. దుమ్ము నెమ్మదిగా వాలింది. తీతువు తిరిగొచ్చి గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

నీలవేణి అర్జీ తీసి నాలుగు ముక్కలు చేసి సంచిలోనే వేసుకుంది. తర్వాత ఒక మిట్ట మీద కూర్చుని పుస్తకం తెరిచింది. గుంటనక్క, ఒకటి. తీతువు, ఒక గూడు పోయింది, ఒకటి ఉంది. జీపులు, తొమ్మిది, దూరంగా.

సారు భుజం మీదుగా వంగి చూశాడు.

"నీ చెప్పుల జాడ రాయలేదేం తల్లీ?"