జిల్లేడు సీతాకోకచిలుకకు నల్లంచు ఎలా వచ్చింది?

ఒకప్పుడు సీతాకోకచిలుకల రెక్కలు పలకల్లాగా నల్లగా ఉండేవి. ఒక గీత లేదు, ఒక పువ్వు లేదు. రంగులు కావాలంటే ఊసరవెల్లి తాత దగ్గరికి వెళ్లి అద్దించుకోవాల్సిందే.

ఊసరవెల్లి తాత తంగేడు పొద కింద కూర్చునేవాడు. ఒక కన్ను పని మీద, ఇంకో కన్ను దారి మీద. మోదుగు పూలు నూరి, తేనె కలిపి, తోక ముంచి బాదం ఆకు మీద బొమ్మ వేసేవాడు. ఆ తడి బొమ్మను రెక్కల మీద బోర్లించి అద్దేవాడు.

జిల్లేడు చెట్టు మీద తుర్రి అని ఒక సీతాకోకచిలుక ఉండేది. ఆ పేరు ఊరికే రాలేదు. పిలిస్తే పలికేలోపు తుర్రుమనేది. ఇక్కడుందంటే అక్కడుండేది.

తుర్రి స్నేహితులు చుక్కలు వేయించుకున్నారు, చారలు వేయించుకున్నారు. తుర్రికి అవి ఆనలేదు.

"చుక్కలేమిటే, చుక్కలు! నేను సాయంకాలపు ఆకాశం వేయించుకుంటాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా. గోరంత నలుపు కనబడితే నన్నడగండి!" అని అందరి ముందూ అనేసింది.

అని, తాత దగ్గరికి వెళ్లింది.

"రెక్కలు బారుగా చాపమ్మా, కొలత తీసుకోవాలి" అన్నాడు తాత.

తుర్రి సగం చాపింది. అంతలో పక్కనే ఒక గడ్డిపువ్వు విచ్చుకుంది. చూపంతా అటే పోయింది.

"పూర్తిగా చాపు."

"ఇంతే తాతా, నా రెక్కలు ఇంతే! నువ్వు కానియ్యి!" అంటూ ఎగిరిపోయింది.

తాత ఒక కన్ను ఆకు వైపు తిప్పాడు. ఇంకో కన్ను ఎగిరిపోతున్న తుర్రి వైపు తిప్పాడు. "సరే, ఇంతే అంటే ఇంతే" అని తనలో తాను నవ్వుకుని, ఆ సగం కొలతకే ఆకు కత్తిరించాడు.

మర్నాడు పొద్దున బొమ్మ అద్దడం అయిపోయింది. నారింజరంగు ఆకాశం, అందులో గూటికి పోతున్న మూడు చిన్న కాకులు. తుర్రి మురిసిపోతూ వాన నీళ్ల గుంట దగ్గరికి వెళ్లి రెక్కలు బారుగా చాపింది.

నీళ్లలోకి తొంగి చూసింది.

ఆకాశం నడిమధ్యన ఉంది. దాని చుట్టూ, నాలుగు వైపులా, బెత్తెడు బెత్తెడు నలుపు!

"ఓయ్ గుంటా! నీలో బురదుంది. నా బొమ్మ సరిగ్గా చూపించడం లేదు" అని కేకలేసింది.

"నా మీద పడతావేం? ఉన్నదే చూపించాను" అంది గుంట. "అనుమానముంటే అటు ఇంకో గుంట ఉంది, వెళ్లి చూసుకో."

తుర్రి ఆ గుంటలో చూసుకుంది. అక్కడా అదే నల్లంచు. మూడో గుంటలో చూసుకుంది. అక్కడా అంతే.

అటుగా వస్తున్న నత్తమ్మ సంగతంతా విని తల ఊపింది.

"దీనికింత కంగారెందుకే? ఒకసారి రెక్కలు మూసి, కాసేపాగి, మళ్లీ తెరువు. నాకు ఏ ఇబ్బందొచ్చినా గుల్లలోకి పోయి మళ్లీ బయటికొస్తాను. సగం బాధలు అక్కడే పోతాయి."

తుర్రి మూసింది, తెరిచింది. మూసింది, తెరిచింది. పదిసార్లు చేసేసరికి రెక్కలు నొప్పెట్టాయి కానీ నలుపు పోలేదు.

"మరి ఆ మిగిలిన సగం బాధల్లోది అయ్యుంటుంది" అని నత్తమ్మ మెల్లగా జారుకుంది.

ఒక చీమ ఆగి, ఎగాదిగా చూసింది. "బొమ్మ బాగానే ఉందక్కా. నువ్వే లావయ్యావు. రెండ్రోజులు తేనె మానెయ్."

తుర్రికి ఏడుపొచ్చింది. ఎగురుకుంటూ తాత దగ్గరికి వచ్చి పడింది.

"తాతా, నా ఆకాశం చాల్లేదు! ఎలాగైనా సర్దు!"

పైనుంచి సూర్యుడు తొంగి చూశాడు. "సర్దేదేదో తొందరగా సర్దుకోండి. నేను నడినెత్తికి వచ్చానంటే రంగు ఆరిపోతుంది. ఆ తర్వాత నన్నని లాభం లేదు."

తాత తడి బొమ్మను తోకతో పట్టుకుని అడ్డంగా లాగాడు. పక్కలనున్న నలుపు కనబడకుండా పోయింది. తుర్రి సంబరంగా గుంటలోకి తొంగి చూసి కెవ్వుమంది.

"తాతా! నా కాకులు బర్రెలయ్యాయి!"

నిజమే. సన్నటి కాకులు అడ్డంగా సాగి, ఆకాశంలో మేస్తున్న మూడు బర్రెల్లాగా ఉన్నాయి. చెట్టు మీది తూనీగలు కడుపు పట్టుకుని నవ్వాయి.

"అయితే పొడుగ్గా కూడా లాగుతాను" అని తాత పైకీ కిందికీ సాగదీశాడు. నలుపంతా పోయింది. రెక్కల నిండా ఆకాశమే. కానీ కాకులు రెండే ఉన్నాయి. మూడోదానికి తోక మాత్రమే మిగిలింది.

"దీని తల ఏది?"

"రెక్క దాటి బయటికి పోయింది" అన్నాడు తాత. "ఆకాశం కూడా చూడు, ఎలా పలచబడిందో. నీళ్ల మజ్జిగలాగా."

"మరి సరైన దారి ఏమిటి?"

తాత రెండు కళ్లూ ఒక్కసారే తుర్రి మీద నిలిపాడు. ఆయన అలా చూడటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"కొలతలోనే తేడా ఉంది. ఆ కొలత ఇచ్చిందెవరు?"

తుర్రి రెక్కలు ముడుచుకుంది. "నేనే తాతా. సగమే చాపాను. పువ్వు విచ్చుకుంటుంటే..." అని గొణిగింది. తర్వాత ఆశగా అడిగింది, "ఇప్పుడు బారుగా చాపుతాను. ఇంకో బొమ్మ వెయ్యవూ?"

"మోదుగు పూలు అయిపోయాయమ్మా. మళ్లీ ఏడాదికే పూసేది. చెప్పు, బర్రెలుంచనా? తల లేని కాకినుంచనా? మొదట ఉన్నట్టే చేసెయ్యనా?"

సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తున్నాడు. తుర్రి ముక్కు ఎగబీల్చి, "మొదట ఉన్నట్టే" అంది.

తాత బొమ్మను వెనక్కి సర్దాడు. కాకులు మళ్లీ కాకులయ్యాయి. ఆకాశం చిక్కబడింది. నల్లంచు ఎక్కడిదక్కడికి వచ్చి కూర్చుంది. రంగు ఆరిపోయింది.

"గోరంత నలుపు కనబడితే అడగమన్నావు కదే! ఇదేమిటే మరి?" అని స్నేహితులు అడగనే అడిగారు. తుర్రి ఎవరూ లేని బీడు వైపు ఎగిరిపోయింది.

ఆ బీడులో ఒక గోరింక తిరుగుతోంది. పొద్దున్నుంచీ దాని పొట్టలో ఏమీ పడలేదు. గాలిలో తేనె వాసన తగిలి తలెత్తింది.

"ఆహా! రెక్కలొచ్చిన మిఠాయి!" అంటూ ఒక్క దూకు దూకింది.

తుర్రి పక్కకు తప్పుకుంది. పైకెగిరింది, కిందికి దిగింది, గిర్రున తిరిగింది. ఒక్కచోట నిలవకపోవడం దానికి ఒకరు నేర్పాలా! గోరింక తియ్యటి ఆకాశం మీదికి గురి పెట్టింది. తుర్రి మెలిక తిరిగింది. గోరింక ముక్కు ఠక్కున నల్లంచును పట్టుకుంది.

"థూ! థూ!"

గోరింక నోరు చేదెక్కిపోయింది. అయినా ఆకలి ఊరుకోనివ్వదు కదా. మళ్లీ పొడిచింది, మళ్లీ అంచే తగిలింది. ఇంకోసారి, ఇంకోసారి. ఎక్కడ పొడిస్తే అక్కడ చేదే. చివరికి కొమ్మ మీద వాలి, ముక్కు ఇటు రుద్దింది, అటు రుద్దింది. కళ్ల వెంబడి నీళ్లు కారాయి.

"ఓసి నీ రెక్కలు పాడుగాను! ఏం తిని పుట్టావే?"

తుర్రి పైన గిరికీలు కొడుతూనే చెప్పింది. "జిల్లేడు ఆకులు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు అవే తిన్నాను. ఆ చేదంతా నా నలుపులో ఉంది."

ఆ మాట అన్నాక గానీ దానికి తట్టలేదు. రెక్కల నిండా తేనెరంగే ఉంటే? ఈపాటికి గోరింక త్రేన్చి కునుకు తీస్తుండేది!

తుర్రి తన అంచును తిప్పి చూసుకుంది. గోరింక పొడిచిన చోటల్లా నలుపు రాలి, తెల్లటి చుక్కలు పడ్డాయి. మొదటిసారి ఆ అంచు తనకి ముద్దొచ్చింది.

గోరింక ఊరుకునే రకం కాదు. చెట్టు చెట్టుకీ వెళ్లి అరిచింది. "నారింజ రెక్క, నల్లంచు, అందులో తెల్ల చుక్కలు! కనబడితే నోరు తెరవకండర్రా! మూడు రోజులు గింజ కూడా చేదుగా ఉంటుంది!" పిట్టలన్నీ విన్నాయి.

మరుసటి ఏడాది మోదుగులు పూసేసరికి, జిల్లేడు మీద పుట్టిన సీతాకోకచిలుకలన్నీ తాత ముందు వరుస కట్టాయి.

"రెక్కలు బారుగా చాపండమ్మా" అన్నాడు తాత.

అందరూ ఒక్కసారిగా సగమే చాపారు.

"ఇంతే తాతా, మా రెక్కలు ఇంతే! చుట్టూ తెల్ల చుక్కలు కూడా పెట్టు!"

తాత ఏ కన్ను ఎటు తిప్పాలో తెలియక, రెండూ మూసుకుని నవ్వాడు.

అప్పటినుంచే జిల్లేడు చెట్ల దగ్గర తిరిగే ఆ సీతాకోకచిలుక నారింజ రెక్కల చుట్టూ నల్లంచు, ఆ అంచులో తెల్ల చుక్కలు ఉంటున్నాయి. అప్పటినుంచే అది పిట్టల కళ్లెదుటే నిదానంగా, షికారుకు వచ్చినట్టు ఎగురుతుంది. పిట్టలేమో తల అటు తిప్పుకుంటాయి.