మట్టిబిళ్లా, మిణుగురుల జింకా

అనగనగా ఒక అడవి ఉండేదమ్మా. అక్కడ ఏటేటా పరుగుపందెం జరిగేది. గెలిచినవాళ్లు తడి బంకమట్టి బిళ్లమీద అడుగు వేసేవారు. అది ఎండాక పిల్లలు దాచుకునేవారు, మార్చుకునేవారు.

"నా దగ్గర రెండు దుప్పులున్నాయి. నీ తోడేలును ఇస్తావా?"

"పోవోయ్! నీ దుప్పికి అంచు విరిగింది!"

ఇలా ఉండేది వాళ్ల బేరం.

బుడంకాయ అనే కుందేలుపిల్ల ఇంట్లో అన్నిటికంటే పాత బిళ్ల ఉండేది. కృష్ణజింక ఒక్క దూకులో వాగు దాటి గెలిచిన నాటిది. అది వాడి నాయనమ్మది. ఆమె కళ్లారా చూసిన ఆఖరి పందెం అదే. ఆ తర్వాత చూపు పోయింది. ప్రతి ఏకాదశినాడూ స్నానం చేసి, ఆ గిట్టజాడను తడిమి, "ఎంత దూకు దూకించావు తండ్రీ!" అని దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఒకనాటి సందెవేళ మిణుగురులు వచ్చాయి. వేలకొద్దీ వచ్చాయి. గాలిలో అన్నీ ఒక్కటై కృష్ణజింక అయ్యాయి. జింక పరుగెత్తింది. ఎగిరింది! కొమ్ముల మెలికలు కూడా కనిపించాయి. అడవంతా ఊపిరి బిగబట్టి చూసింది.

"ఈ జింకను నాకిస్తారా?" అన్నాడు బుడంకాయ.

"ఎవరు చూసినా నీదేనని చెప్తాం," అంది పెద్ద మిణుగురు. "కానీ దీనికి జోడు ఉండకూడదు. మీ మట్టిబిళ్లను వాగులో కలిపేసి రా."

బుడంకాయ కాస్త తటపటాయించాడు. ఆపైన బిళ్లను నీళ్లలో వదిలేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ జింకను చూద్దామని ఉడుత వచ్చింది. ఎండలో మిణుగురులు కనిపిస్తాయా?

"అబ్బో, గొప్ప జింకే! మేతకు వెళ్లిందేమిటి?" అని నవ్వింది.

ఆ సాయంత్రం ముళ్లపంది పిల్లలతో వచ్చింది. వాన మొదలైంది. మిణుగురులు ఆకుల కిందికి దూరాయి.

"పదండర్రా, బొరియలో మన బిళ్లలతో ఆడుకుందాం," అని వెళ్లిపోయింది.

ఏకాదశి వచ్చింది.

"బిళ్ల అందివ్వు నాన్నా," అంది నాయనమ్మ.

సందెదాకా ఆగమని, పొద్దుగూకాక బుడంకాయ మిణుగురులను పిలిచాడు.

"ఇదిగో నాయనమ్మా! నీ ఎదురుగానే దూకుతోంది!"

ఆమె చెయ్యి చాపింది. గాలే తగిలింది.

"ఎక్కడరా?"

బుడంకాయ భోరున ఏడ్చి జరిగింది చెప్పాడు. నాయనమ్మ తిట్టలేదు. ఖాళీ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. వాడికి అదే దెబ్బ.

తెల్లవారగానే వాడు బంకమట్టి ముద్ద పట్టుకుని కొండ అవతలికి పరుగెత్తాడు. ఆనాడు వాగు దాటి గెలిచిన కృష్ణజింక ముసలిదై అక్కడ ఒంటరిగా ఉంటోందని ఎవరో అనగా విన్నాడు.

"తాతా, మా నాయనమ్మకోసం ఒక్క అడుగు వేస్తావా?"

"ఇప్పుడు నాది కుంటికాలు కదరా మనవడా!"

"కుంటిదైనా నీదేగా తాతా!"

జింక నవ్వి అడుగు వేసింది.

బిళ్ల ఎండాక నాయనమ్మ తడిమింది.

"ఇది మన జింకే. కానీ ఒక పక్కకు ఒరిగాడు. ముసలాడయ్యాడు, నాలాగే." బిళ్లను గుండెకు హత్తుకుంది. "అయితే బతికే ఉన్నాడా, తండ్రీ!"

ఆ సాయంత్రం మిణుగురులు జోడు మాట మరిచి మళ్లీ జింక అయ్యాయి. నాయనమ్మ వేలు గిట్టజాడలోనే ఉంది.

"దూకిందా?"

"ఆగు నాయనమ్మా... ఇదిగో, దూకింది!"

ఇద్దరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు.

నీతి: కొత్త వింతను చూసి మురిసిపోండి, కానీ దానికోసం పెద్దల చేతికందే జ్ఞాపకాన్ని నీళ్లపాలు చెయ్యకండి.