ఏటవతలివాళ్ల బద్ధకం

పూర్వం ఒక రాజ్యంలో ఊరిపెద్దని ఓటేసి ఎన్నుకునేవారు. ఊరు ఏటికి రెండు పక్కలా ఉన్నా, ఓటు తాటాకులు వేసే కుండ మాత్రం ఏటికి ఇవతల, కోటలో ఉండేది. మూడు ఎన్నికలు పరిశోధించి ఆస్థాన పండితుడు శేషావధాని సభలో తేల్చేశాడు.

"ప్రభూ, అవతలి పేటలో మూడొందలమంది ఉన్నారు. వచ్చేది ముప్ఫైమంది. ఒట్టి బద్ధకస్తులు, వాళ్లకి ఓటు తీసేయండి."

రాజు సరేననబోయాడు. పేట తరఫున వచ్చిన పడవవాడు పైడయ్య ముందుకొచ్చాడు.

"అయ్యవారూ, నాకు పది దాటితే లెక్క రాదు, నా పడవలో పదిమందే పడతారు మరి. కిందటిసారి ఎందరొచ్చారు?"

"ముప్ఫై."

"అంతకుముందు?"

"ముప్ఫై. మొదటిసారీ ముప్ఫయ్యేనోయ్!"

"బద్ధకం ఇంత కొలిచినట్టు ఉంటుందా బాబూ? ఒకసారి ఇద్దరు తగ్గాలి, ఒకసారి నలుగురు పెరగాలి. అంత వెడల్పు ఏటికి నా పడవొక్కటే. పొద్దుగూకేదాకా తెడ్డేసినా మూడు విడతలే. మిగతావాళ్లు రేవులో నిలబడి నిలబడి, నన్ను తిట్టుకుంటూ ఇళ్లకి పోతారు. మీరు కొలిచింది మా బద్ధకాన్ని కాదు, నా పడవని."

సభంతా ఘొల్లున నవ్వింది. శేషావధాని తన రాతలు మళ్లీ చూసుకుని, పైడయ్యకి చేతులెత్తి దండం పెట్టాడు.

మరుసటి ఎన్నికకి, ఇవతలివాళ్ల ఓట్లు అయ్యాక, రాజాజ్ఞ మీద కుండే ఏరు దాటి పేటకెళ్లింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్న శేషావధాని, దారిపొడుగునా తెడ్డు వేట్లు లెక్కపెడుతూనే ఉన్నాడు.