పదివేల ఏడు కొబ్బరికాయలు

కాలవ గట్టున గవర్రాజు, సత్తెయ్య, బుల్లబ్బులు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. లోకంలో తెలివంతా తమ ఇంటికే వచ్చి ఆగిపోయిందని వాళ్ళ నమ్మకం. పక్కింటివాళ్ళకి కాస్తయినా మిగల్లేదే అని జాలి కూడా పడేవారు.

ఆ ఏడు తోటలో కొబ్బరి దింపు తీస్తే పదివేల ఏడు కాయలు వచ్చాయి. అవి అమ్మితేనే మూడు కాపురాలకూ ఏడాది తిండి. సాయంత్రానికి బేరగాడి పడవ వస్తుంది, ఈలోగా వాటాలు తేలాలి. ముగ్గురూ లెక్కల మాస్టారు మృత్యుంజయంగారిని అడిగారు. ఆయన మురిసిపోయి, అది ప్రధాన సంఖ్య అనీ, ఒకటీ, మళ్ళీ ఆ పదివేల ఏడూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదనీ చెప్పారు.

ఇంకేముంది, ముగ్గురూ బెంబేలెత్తారు. అన్నీ ఒక్కడికే ఇవ్వాలి, లేదా పదివేల ఏడుగురికి తలా ఒకటి ఇవ్వాలి. ఒక్కడికే ఇవ్వడానికి మిగతా ఇద్దరికీ మనసొప్పలేదు. అంతే, ఇంటికెళ్ళి ముగ్గురితోనే ఎందుకు ఆపేశావని తల్లిని నిలదీశారు. ఆ మహాతల్లీ ఈ ఇంటి మనిషే కదా, ఇలాంటి లెక్క వస్తుందని ముందే తెలిస్తే ఆపేదాన్ని కాదని కళ్ళొత్తుకుంది.

మళ్ళీ మాస్టారి దగ్గరికి పరుగు. ఆయన తల పట్టుకుని, "రెండు కాయలు తీసెయ్యండయ్యా, మిగిలినవి మూడు వాటాలకీ సమంగా వస్తాయి" అన్నారు.

తీసెయ్యడమంటే ఏమిటో వీళ్ళకి ఒకరు చెప్పాలా? పక్కన పెడితే కాయ పెరట్లోనే ఉంటుంది, తీసేసినట్టెలా అవుతుంది? కాలవలో పారెయ్యాలి. గవర్రాజు ఒకటి విసిరాడు. సత్తెయ్య ఒకటి విసిరాడు. అక్కడితో ఆగితే వీళ్ళ కథ ఎవరు చెప్పుకుంటారు? బుల్లబ్బులు మొహం చిన్నబోయింది.

"మీరిద్దరే ఇసిరేత్తే నేనేటయిపోవాలన్నయ్యా? నాకు చేతుల్లేవేటి?"

న్యాయమే కదా అని వాడిచేతా ఒకటి వేయించారు. పంచి చూస్తే రెండు మిగిలాయి. మూడు కుప్పలూ మళ్ళీ కలిపేసి తలా ఒకటి విసిరారు. పంచితే మళ్ళీ రెండే. ఇంత మొండి సంఖ్యని ఎక్కడా చూడలేదన్నాడు సత్తెయ్య. ఇక పంచడం దండగని ముగ్గురూ వరసగా విసురుతూనే పోయారు. దిగువ ఊళ్ళవాళ్ళు కాయలు పట్టుకుని, ఎగువకి తిరిగి భక్తిగా దణ్ణం పెట్టుకున్నారు.

పొద్దు వాలేసరికి పెరట్లో రెండు కాయలున్నాయి.

"దొరికేయిరా" అన్నాడు గవర్రాజు. "మాస్టారు తీసెయ్యమన్నవి ఈ రెండేరా. పొద్దుట్నించీ అడుగున దాక్కున్నాయి."

ముగ్గురూ తలో చెయ్యీ వేసి వాటినీ కాలవలోకి సాగనంపారు. బేరగాడొచ్చి కాయలేవన్నాడు. గవర్రాజు ఇసుకలో పుల్లతో మూడు సున్నాలు గీసి, తలా సున్నా వచ్చిందనీ, శేషం లేదనీ దర్జాగా చూపించాడు. బేరగాడు పడవ తిప్పుకున్నాడు.

బుల్లబ్బులు మాత్రం గొంతుక్కూర్చుని ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. "పెద్దన్నయ్య సున్నా పెద్దదిగా ఉంది, నాది చిన్నది" అన్నాడు.

అంతే. మూడు పొయ్యిలూ వెలగలేదు గానీ, ఆ పెద్ద సున్నా తమకే కావాలని మూడు కాపురాలూ జుట్లు పట్టుకున్నాయి.