ఆలస్యంగా వచ్చిన మూడో కొండ

అనగనగా ఒక ఊళ్ళో దగ్గుమందు చేసే ఫ్యాక్టరీ ఉండేదే బంగారూ. రాజూ లేడు, రాణీ లేదు, ముందే చెప్తున్నా. వకుళ అని ఒకావిడ ఉండేది. సీసాలో మందు కాక ఇంకేం కలిసిందో కనిపెట్టడం ఆవిడ పని.

ఆవిడ దగ్గర జానెడు స్టీలు గొట్టం ఉండేది. దాన్నిండా పిండంత మెత్తటి ఇసక. ప్రతి రేణువుకీ నూనె జిడ్డు. అందులో మందు చుక్క వేసి, కాస్త స్పిరిట్ కలిపిన నీళ్ళతో తోస్తారు. నీళ్ళంటే ఇష్టమున్నవి గబగబా బయటికొస్తాయి. జిడ్డంటే ఇష్టమున్నవి ఇసకని పట్టుకుని వేళ్ళాడతాయి. బయటికొచ్చిన ప్రతిదానికీ కంప్యూటరు ఒక కొండ గీస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం మందు తీసుకెళ్ళే లారీ గేటు దగ్గర నిలబడింది. పెద్దాఫీసరు భూషణం గారు అందులోంచి మూడు సీసాలు తెచ్చిచ్చారు. వకుళ మొదటి సీసా చుక్క వేసింది. రంగుకో కొండ, మందుకో కొండ. పది నిమిషాలకి ఆపెయ్యడం అక్కడి అలవాటు. ఆపేసింది, బాగుందని సంతకం పెట్టేసింది. ఆ తర్వాత రెండోదీ అంతే. అలవాటుకి కళ్ళుండవమ్మా.

అప్పుడు మూడో సీసా వేసింది. రెండు కొండల నడుమ పొట్టిగా, లావుగా ఇంకోటి లేచింది.

"గాలి బుడగలేమ్మా. సంతకం పెట్టు, లారీ వెళ్ళాలి" అన్నారు భూషణం గారు.

"కాదు సార్. ఇంత లావుందంటే చాలాసేపు లోపల వేళ్ళాడిందన్న మాట. ఇది మొదటి సీసాది. పది నిమిషాలకే ఆపేశాను కదా, అప్పుడు బయటికి రాలేక ఇప్పుడొచ్చింది" అంది వకుళ. ఆవిడకి భయమేసింది. తను సంతకం పెట్టిన సీసా మరి.

మొదటి సీసా చుక్క మళ్ళీ వేసింది. ఈసారి నీళ్ళు తగ్గిస్తూ, స్పిరిట్ పెంచుతూ పోయింది. నీ తలకి రాసిన నూనె ఉత్త నీళ్ళకి వదుల్తుందా? కుంకుడు రసం పడాలి కదా. ఇదీ అంతే. అప్పుడు వదిలింది. నిటారుగా మూడో కొండ! బీరువాలో ఉన్న విషాల నమూనాలతో పోల్చి చూస్తే, అందులో ఒకటే ఇది. తాగిన పిల్లలు బతకరు.

ఆ తర్వాత వకుళ తన సంతకాలు తనే కొట్టేసింది. గేటు దగ్గరికి పరిగెత్తి లారీకి అడ్డంగా నిలబడింది. భూషణం గారు కోపంగా వచ్చారు, ఆవిడ చేతిలో కాగితం చూశారు, సీసాలన్నీ దింపించారు.

ఆ వారం ఊళ్ళో దగ్గుమందు దొరకలేదు. పిల్లలకి మిరియాల పాలు పట్టారు. బతికున్నారు కనక, ఘాటుగా ఉందని అందరూ మారాం చేశారు.

మారాం పోయె మూలకి, మగత వచ్చె కళ్ళకి,
కథ పోయె కంచికి, నువ్వు పో నిద్దరకి.