లెక్క తేలని గుమ్మడికాయ

అనగనగా ఒక విద్యాపీఠం. అది ఎంత పాతదంటే, దాని గోడమీది బల్లికి మునిమనవలు పుట్టి, వాళ్ళకీ పెళ్ళిళ్ళయిపోయాయి. ఎప్పటి మాట అని నన్నడక్కండి. నేను చెబుతూంటే ఊఁ కొట్టండి, చాలు.

ఆ విద్యాపీఠంలో పంతుళ్ళని తయారుచేసేవారు. పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో పెద్ద పెద్ద పుస్తకాలు రాసేవారు, చదివేవారు, జుట్లు పట్టుకుని వాదించుకునేవారు. ఒక్కటే లోటు. ఆవరణంతా గాలించినా ఒక్క పిల్లాడు లేడు. అందుకని అక్కడ చదివిన పంతులు మొదటిసారి పిల్లల ముందు నిలబడేసరికి చెమటలు పట్టి, గొంతు పోయి, మంచినీళ్ళు అడిగేవాడు.

ఇది చూసి విద్యాపీఠం పెట్టిన పెద్దయ్యవారికి సిగ్గేసింది. "పెరట్లో ఒక చిన్న బడి కడదాం. మన పంతుళ్ళు అక్కడ నిజం పిల్లలకి చెప్పి నేర్చుకుంటారు. కొత్త పద్ధతి ఏదైనా ముందు అక్కడ ప్రయోగం చేసి, బాగుంటేనే లోకానికి చెబుదాం" అన్నాడు. బడి కట్టించి గుమ్మం పైన ఒక మాట చెక్కించాడు. మూడు కట్టుబాట్లు పెట్టాడు. పిల్ల కంటితో చూడగలిగింది నోటితో చెప్పకూడదు. తెలీదన్న పిల్లని కొట్టకూడదు. పాఠం తలకెక్కకపోతే తప్పు పిల్లది కాదు, పాఠానిది.

అన్నీ అమిరాయి. పిల్లలే రాలేదు.

పక్కనే ఉప్పుపేట. ఉప్పుమళ్ళలో రెక్కలు ముక్కలు చేసుకునే జనం. పెద్దయ్యవారు స్వయంగా వెళ్ళి, "ప్రయోగాల బడి పెట్టాం తల్లీ, మీ పిల్లల్ని పంపండి" అన్నాడు. తల్లులు పిల్లల్ని కొంగుచాటుకి లాక్కున్నారు.

"మా పిల్లల మీద ప్రయోగాలా? ఏటి కోత్తారో, ఏటి పోత్తారో. ఒద్దు బావూ" అన్నారు.

అప్పుడు ఎర్నమ్మ లేచింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట ఉప్పు అమ్ముకునే మనిషి. వెనకా ముందూ ఎవరూ లేరు. అక్షరమ్ముక్క రాదు.

"ముందల నామీద సెయ్యండి బావూ" అంది. "నాను బతికొత్తే, అప్పుడు పిల్లల్ని అంపుతారు."

మర్నాడు ఎర్నమ్మ బడికెళ్ళి, గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ రోజు ఉప్పు పాఠం. పొద్దున పెద్దయ్యవారు ఎర్నమ్మకి చెప్పాడు. మధ్యాహ్నానికి ఎర్నమ్మ పెద్దయ్యవారికి చెప్పింది. సాయంత్రం ఆవిడ పేటకి తిరిగొస్తే తల్లులు చుట్టూ మూగి ఒళ్ళంతా తడిమి చూశారు. చేతివేళ్ళు లెక్కపెట్టారు.

"పదీ ఉన్నాయి" అన్నారు.

తెల్లారేసరికి ముప్పైమంది పిల్లలు బడి ముందు నిలబడ్డారు. ఎర్నమ్మ ఆ బడిలోనే నీళ్ళమ్మగా కుదిరింది. ఆనాటినుంచి అదో ఆనవాయితీ. ఏ కొత్త పాఠమైనా ముందు ఎర్నమ్మకి చెప్పాలి. ఆవిడ "బోదపడ్డాది బావూ" అంటే పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చు. "బోదపళ్ళేదు బావూ" అంటే మళ్ళీ మొదటికి రావాలి. ఒక పంతులు ఏది నీళ్ళలో మునుగుతుందో, ఏది తేలుతుందో గంటసేపు వర్ణించాడు. ఎర్నమ్మ ఆవలించి, నీళ్ళకుండ ఆయన ముందుకి జరిపింది.

"సూత్తే పోద్ది గదా బావూ."

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. అవదు. మంచివాళ్ళు ముందు పోతారు కదా, పెద్దయ్యవారు పోయాడు. తరవాత వచ్చినవాళ్ళకి తీరిక తక్కువ, దర్జా ఎక్కువ. గోడలకి సున్నం కొట్టించారు, ఏడాదికోసారి, మందంగా. గుమ్మం పైన చెక్కిన మాట సున్నంలో కలిసిపోయింది. ఎర్నమ్మ పీటని గుమ్మం లోపలినుంచి బయటికి జరిపారు. ఉప్పు అమ్మిన మనిషికి పాఠాలతో ఏం పని అన్నారు.

ఇక పాఠం సంగతంటారా, ఒక్కటే మిగిలింది. గుమ్మడికాయ పాఠం. పంతులు కావాలంటే పరీక్షలో అదే చెప్పాలి. ఏడాదికి నలభైమంది పంతుళ్ళు, నలభైమందికీ ఒక్కటే కాయ. కోస్తే రేపటి పంతులుకి కాయ ఉండదు కాబట్టి ఎవరూ కోసేవారు కాదు. గోడకి బొమ్మ తగిలించి, లోపల ఏముందో బెత్తంతో చూపించేవారు.

పాపం పిల్లలు ఆ పాఠం ఏడాదికి నలభైసార్లు విన్నారు. వాళ్ళకి ముచ్చటగా మూడు మాటలు వచ్చు. కాయ చూపిస్తే "ఓహో" అనాలి. బొమ్మ చూపిస్తే "అవునా" అనాలి. పంతులు చేతులు దులుపుకుంటే "ఆహా" అనాలి. భయంతో పంతులు మరిచిపోతే ముందు వరసలోని గున్నమ్మ అనే పిల్ల మెల్లిగా అందించేది. "అయ్యవారూ, ఇప్పుడు తమరు లోపల ఏటుందో అడగాల."

ఇలా ఉండగా విద్యాపీఠానికి కొత్త అధిపతి వచ్చాడు. "పెరట్లో ఈ బడి ఎందుకు? పాఠం చెప్పడం కాగితం మీద రాస్తే చాలదూ? మూసేసి పాత బల్లలు పడేసుకుందాం" అన్నాడు. తేల్చిరమ్మని ముగ్గురు పండితుల్ని పంపాడు. ఒకాయన లావు, ఒకాయన సన్నం, ఒకాయనకి కళ్ళద్దాలు.

ఈ కబురు ఉప్పుపేటకి పాకింది. తల్లులు ఎర్నమ్మ గుమ్మంలో కూర్చున్నారు. బడి మూస్తే పిల్లలు మళ్ళీ ఉప్పుమళ్ళకే. "నువ్వు సెప్తేనే గదా అంపినాం" అన్నారు. ఆ పూట ఎర్నమ్మకి అన్నం సయించలేదు.

మర్నాడు పండితులు వచ్చారు. పెద్దపంతులు శేషాచలంగారు నలభైమందిలోకీ నదురైన పాపినాయుడు పంతుల్ని నిలబెట్టారు. పాపినాయుడు కాయ చూపించాడు. "ఓహో." బొమ్మ చూపించాడు. "అవునా." చేతులు దులుపుకున్నాడు. "ఆహా."

పండితులు గంగిరెద్దుల్లా తలలూపారు. వెళ్ళబోతూ లావుపాటి పండితుడు, ఊరికే ఉండలేక, "పిల్లలూ, ఇందులో గింజలెన్ని?" అన్నాడు.

ఇది పాఠంలో లేదు. పిల్లలు గోడమీది బొమ్మ చూశారు. బొమ్మలో గింజలు పన్నెండు.

"పన్నెండు" అన్నారు పిల్లలు.

"పన్నెండు" అన్నాడు పాపినాయుడు.

"పన్నెండే" అన్నారు శేషాచలంగారు.

సన్నపాటి పండితుడు సంచిలోంచి పుస్తకం తీశాడు. గోడమీది బొమ్మ ఆ పుస్తకంలోంచి దించిందే. "శాస్త్ర ప్రమాణం ఉంది. పన్నెండు" అన్నాడు. అందరూ సంతోషించారు.

గుమ్మం బయట పీటమీద ఎర్నమ్మ పకపకా నవ్వింది.

శేషాచలంగారి మొహం ఎర్రబడింది. "ఏమిటే ఆ నవ్వు?"

"నానెన్ని కాయలు కోసినాను బావూ. ఏ కాయలోనూ పన్నెండు నేవు."

"మరెన్ని?" అన్నాడు కళ్ళద్దాల పండితుడు.

"నాకేటి తెల్సు? ఒక్కో కాయకి ఒక్కో లెక్క."

పండితులకి పౌరుషం వచ్చింది. ఒకాయన నూరన్నాడు. ఒకాయన కాయ బరువుని బట్టి అన్నాడు. ఒకాయన పన్నెండు దగ్గరే మంకుపట్టు పట్టాడు. మధ్యాహ్నమైంది. అన్నాల వేళ దాటింది. ఎర్నమ్మ వంటపాకలోంచి కత్తిపీట తెచ్చి నట్టనడుమ పెట్టింది.

"సూత్తే పోద్ది గదా బావూ."

శేషాచలంగారు కాయకి అడ్డంపడ్డారు. "కోస్తే రేపు పాఠం ఎలా? అలా కోసే పద్ధతి ఈ బళ్ళో లేదు."

"ఉంది బావూ" అంది ఎర్నమ్మ. "పెద్దయ్యవారు ఆ గుమ్మం మీద ఏటో సెక్కించినారు. నాకు సదువు రాదు. సదివి సెప్పండి."

అందరూ తలెత్తారు. సున్నం తప్ప ఏమీ లేదు. గున్నమ్మ బల్లెక్కి, చిల్లపెంకుతో గీకింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా శేషాచలంగారి తలపాగా మీద రాలింది. గున్నమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

"తె-లి-య-క-పో-తే చే-సి చూ-డు."

శేషాచలంగారు కాయ వదిలేశారు.

ఎర్నమ్మ కాయని కత్తిపీట మీద పెట్టి రెండు చెక్కలు చేసింది. ఏడాదిగా అటకమీద ఉన్న కాయ కదా. లోపల గింజల్లో సగం మొలకెత్తాయి. వెలుగు లేని చోట, తెల్లటి మొలకలు ఒకదానికొకటి చుట్టుకుని పడుకున్నాయి.

ఓహో అనడం పిల్లలు మరిచిపోయారు. ఒక్కసారిగా మీదపడ్డారు. నీళ్ళెవరు పోశారు? ఎండ లేకుండా ఎలా మొలిచాయి? మిగతావి ఎందుకు మొలవలేదు? పాతితే బతుకుతాయా? పాపినాయుడు బెత్తం కింద పెట్టాడు.

"నాకు తెలీదర్రా" అన్నాడు.

ఆ బళ్ళో ఒక పంతులు ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. ఎర్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పండితులు పంచెలు ఎగ్గట్టి నేలమీద చతికిలబడ్డారు. "ముందు గింజల లెక్క తేలనీ. ఆ తరవాత బడి సంగతి తేలుద్దాం" అన్నారు. లావుపాటాయన లెక్కపెట్టాడు. నాలుగు వందల పదకొండు. సన్నపాటాయన లెక్కపెట్టాడు. నాలుగు వందల పది. కళ్ళద్దాలాయన అద్దాలు తుడుచుకుని లెక్కపెట్టాడు. నాలుగు వందల తొమ్మిది. ఎర్నమ్మ పక్కనే నేల తుడుస్తోంది.

"ఇదేం కాయ? లెక్కపెట్టేకొద్దీ తగ్గుతోంది" అన్నారు పండితులు.

సాయంత్రమైంది. తిరిగెళ్ళి అధిపతికి రాసిచ్చారు. "లెక్క తేలలేదు. లెక్క తేలేవరకూ బడి మూయరాదు." పండితుల మాట కాదంటే పండితులతో వాదించాలి. అధిపతికి అంత ఓపిక లేదు. సరే అన్నాడు.

ఏడాదికోసారి పండితులు వచ్చేవారు. కాయ కోసేవారు. మూడుసార్లు లెక్కపెట్టేవారు. మూడుసార్లూ లెక్క తేలేది కాదు. మొలకలు పాతిన చోట పాదు అల్లుకుంది. కాయకి కరువు లేదు. ఎర్నమ్మ పీట మళ్ళీ గుమ్మం లోపలికి వచ్చింది.

చివరికి ఎర్నమ్మకి కాలం దగ్గరపడింది. శేషాచలంగారు, ముసలివాళ్ళైపోయిన ముగ్గురు పండితులు చూడటానికి వెళ్ళారు. ఎర్నమ్మ బొడ్డుసంచి విప్పి, శేషాచలంగారి చేతిలో గుప్పెడు ఎండిన గుమ్మడిగింజలు పోసింది.

"ఇయ్యి బడి గింజలే బావూ. లెక్క తేలితే బడి ఎత్తేత్తారు గదా. మరేటి సెయ్యను? తప్పైతే నన్ననండి, పిల్లల్నేటీ అనకండి."

శేషాచలంగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. లావుపాటి పండితుడు గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా. అప్పుడప్పుడూ ఒకటో రెండో గింజలు నేనూ నోట్లో వేసుకునేవాణ్ణి."

సన్నపాటాయన పైకి చూశాడు. కళ్ళద్దాలాయన కిందికి చూశాడు. ఎర్నమ్మ నవ్వింది. ఆ నవ్వుతోనే పోయింది. వయసు పండింది కాబట్టి ఏడవకూడదన్నారు. ఉప్పుపేట వినలేదు, మూడు రోజులు ఏడ్చింది.

ఆ బడి ఇంకా ఉంది. గుమ్మం లోపల ఎర్నమ్మ పీటా ఉంది. కొత్త పంతులు ఏ పాఠమైనా ముందు ఆ ఖాళీ పీటకి చెప్పి, ఆ తరవాతే పిల్లల దగ్గరికి వెళ్ళాలి. మొదటిరోజు బడినుంచి వచ్చిన పిల్లకి ఉప్పుపేట తల్లులు వేళ్ళు లెక్కపెట్టి, "పదీ ఉన్నాయి" అన్నాకే అన్నం పెడతారు.

ఏడాదికోసారి గుమ్మడికాయ కోస్తారు. పెద్దలు కూర్చుని మూడుసార్లు లెక్కపెడతారు. ప్రతిసారీ గింజలు తగ్గుతాయి. "ఎవరర్రా ఆ గుమ్మడికాయల దొంగ?" అని పెద్దపంతులు గట్టిగా అడుగుతాడు. అప్పుడు బడిలో పిల్లలు, పంతుళ్ళు, లెక్కపెట్టే పెద్దలు, అందరూ ఒక్కసారి భుజాలు తడుముకుంటారు. పెద్దపంతులు తనవి కూడా తడుముకుని, లెక్క తేలలేదని రాసి, మరో ఏడాదికి బడి తలుపులు తెరుస్తాడు.