మనష్షే మెప్పు

బాగ్దాదులో యూదుల వీధి. రబ్బీ సస్సోన్ దగ్గర చదువుకునే ఎజ్రాకు ఒకటే కోరిక, పెద్ద ప్రార్థనా మందిరంలో ప్రసంగించాలని. అప్పటిదాకా ప్రతి శనివారం, విశ్రాంతి దినాన, చిన్న మందిరంలో మాట్లాడుతున్నాడు. వినేవాళ్ళు ఆవలించేవారు, పక్కవాళ్ళతో కబుర్లు పెట్టుకునేవారు. ఒక్క మనష్షే తప్ప.

గాడిద మీద సరుకులు చేరవేసే మనష్షే ముందు వరసలో కూర్చుని మాటమాటకీ తలూపేవాడు. అయ్యాక ఎదురొచ్చి, “అయ్యగారూ, ఇంత మంచి మాటలు బుద్ధెరిగాక వినలేదు” అనేవాడు. ఎజ్రాకు కడుపు నిండిపోయేది. నిండదూ మరి!

మనష్షే మనసే కరిగిందంటే తాను పెద్ద మందిరానికి తగినట్టే కదా అని ఒకరోజు గురువును అడిగేశాడు.

ఎప్పటి నుంచి మెచ్చుకుంటున్నాడని అడిగాడు రబ్బీ. చలికాలం నుంచి అన్నాడు ఎజ్రా. అప్పుడే మనష్షే గాడిద చచ్చిపోతే, ఇంకోటి కొనుక్కోమని తానే అప్పిచ్చాడట. ధర్మశాస్త్రం వద్దంది కాబట్టి చిల్లిగవ్వ వడ్డీ అడగలేదట. ఆ ముక్క మాత్రం గొంతు కాస్త పెంచి చెప్పాడు.

రబ్బీ లోపలికెళ్ళి ఆ బాకీ మొత్తం తెచ్చి ఎజ్రా చేతిలో పెట్టాడు. అప్పు తీరిపోయిందనీ, తనకూ ఏమీ ఇవ్వక్కర్లేదనీ మనష్షేకు కబురంపాడు. పెద్ద మందిరం సంగతి వచ్చే శనివారం ప్రసంగం విని చెప్తానన్నాడు.

ఆ శనివారం ఎజ్రా ప్రాణం పెట్టి మాట్లాడాడు. రబ్బీ ఓ మూల కూర్చుని విన్నాడు. మనష్షే వెనక గోడకు చేరగిలబడి, సగంలోనే గుర్రుపెట్టాడు. ఎజ్రాకు ఒళ్ళు మండింది. అందరూ లేచాక వెళ్ళి, ఇవాళ బాగాలేదా అని నిలదీశాడు.

“ఏమనుకోకు ఎజ్రా,” అన్నాడు మనష్షే నవ్వుతూ. “నువ్వు చెప్పేది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.” భుజం మీద చెయ్యేసి, మధ్యాహ్నం తమ ఇంటికి భోజనానికి రమ్మని వెళ్ళిపోయాడు.

ఎజ్రా తల దించుకుని రబ్బీ ముందు నిలబడ్డాడు. పెద్ద మందిరం మాట ఎత్తలేదు.

“అసలు సొమ్ము నీకు ముట్టింది,” అన్నాడు రబ్బీ. “మరి చలికాలం నుంచి పుచ్చుకున్న వడ్డీ మాటేమిటి?”

మధ్యాహ్నం ఎజ్రా మనష్షే ఇంటికి వెళ్ళాడు. భోజనం చేసినంతసేపూ మనష్షే తన కొత్త గాడిద మొండితనం గురించే చెప్పాడు. ఎజ్రా మాటమాటకీ తలూపుతూ విన్నాడు.